బొమ్మకు సిగ్గేమిటి

మలేసియాలోని బంటింగ్‌లో నేను పదకొండేళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ, ఒక శుక్రవారం మా అందరికీ తలా ఒక కేకు ముక్క పెట్టి మూతపడింది. కేకు బాగానే ఉంది. ఆ తర్వాత నేను సహాయక నర్సు కోర్సులో చేరాను. నాకు కూతురుంటే క్లాసులో పిల్లల వయసే ఉండేది. మొదటిరోజు నేను గదిలోకి వెళ్ళగానే టీచరనుకుని అందరూ లేచి నిలబడ్డారు. ఆ కోర్సులో నాకు దక్కిన గౌరవం అంతే.

ఇంట్లో ప్రోత్సాహానికి కొదవలేదు. పామాయిల్ మిల్లులో పనిచేసే మా ఆయన తినే పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే "సరే" అన్నాడు. మా అత్త మాత్రం తలెత్తి మరీ, "ఈ వయసులో సదువేటే? పోయేకాలం కాకపోతే!" అని దీవించింది.

చదువు ముగిశాక లైసెన్సు పరీక్ష. రాతపరీక్ష ఎలాగో బట్టీపట్టి గట్టెక్కవచ్చు. భయమంతా ప్రాక్టికల్‌దే. గంట మోగగానే ఒక మంచం దగ్గరికి వెళ్ళాలి. మంచం మీద ఒక మనిషో బొమ్మో ఉంటుంది, పక్కన కాగితం పట్టుకుని పరీక్షకురాలు ఉంటుంది. మనం చేసే ఒక్కో పనికీ ఆవిడ టిక్కు పెడుతుంది, లేదా పెట్టదు. కాలేజీలో సాధనకు ఉన్నది ఒకటే బొమ్మ. ముప్ఫైమంది అమ్మాయిలు తిప్పీ తిప్పీ దాని కుడిచెయ్యి ఊడదీశారు. ముందు దానికే ఒక నర్సు కావాలి.

అందుకని పగలంతా ఇంట్లో ఉండే అత్తనే రోగిగా ఎంచుకున్నాను. రోగి కావడానికి ఒప్పుకుంది గానీ, రోగిలా పడుండడానికి మాత్రం ఒప్పుకోలేదు. పుస్తకం ప్రకారం మొదట నవ్వుతూ పలకరించి పేరు అడగాలి.

"నీ పేరేటమ్మా?" అన్నాను.

"ఓలమ్మో! నా పేరు తెలీకుండానే ఇన్నేళ్ళు నా ఇంట్లో కూడు తిన్నావేటి?"

"అలా అడగాలత్తా. దానికి మార్కులున్నాయి."

"మార్కులా? అయితే రెండుసార్లు అడుగు లా," అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర మలాయ్ "లా" తగిలించి.

అత్తకు ఆ ధీమా ఊరికే రాలేదు. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో ఉన్న రోజుల్లో, ఆ తోట ఆస్పత్రిలోనే ఆయాగా చేసింది. మందులివ్వడానికి ఒక డ్రెస్సర్, ఎనిమిది మంచాలు. మిగతాదంతా ఆయాలే. మంచంపట్టిన మనిషికి ఒళ్ళు తుడవడమంటే నా పుస్తకంలో రెండు పేజీలు. అత్తకు ఒకటే మాట: "సల్లగా తగలనీకు." తడిగుడ్డ కొసలు వేలాడకుండా అరచేతికి చుట్టుకోవడం ఆవిడే నేర్పింది. తర్వాత చూస్తే పుస్తకంలోనూ అదే ఉంది, బొమ్మతో సహా. ఆ మాట చెబితే, "నన్ను సూసే రాసుకున్నారు" అంది.

పరీక్షలో నాకు ఒళ్ళు తుడవడమే వచ్చింది. మంచం మీద బొమ్మ, దానికి రెండు చేతులూ ఉన్నాయి. ఆ సంతోషంలో నా చేతులు వాటంతటవే పనిచేసుకుపోయాయి. నోరూ అంతే. "అత్తా, నీళ్ళు వేడిగున్నాయా?" అని బొమ్మను తెలుగులో అడిగేశాను.

పరీక్షకురాలు కాగితం దించి, "అదేం భాష, తమిళమా?" అని మలాయ్‌లో అడిగింది.

"కాదు మేడమ్, తెలుగు."

"ఓ, తమిళంలోనే ఒక రకమా?"

తడిగుడ్డ చేత్తో పట్టుకుని మా ముత్తాతల ఓడ ప్రయాణం నుంచి మొదలుపెట్టే వ్యవధి లేదు. అవునన్నాను. మార్కుల కోసం మనిషి భాషనైనా మార్చుకుంటుంది.

రాతలో పాసయ్యాను, ప్రాక్టికల్‌లో తప్పాను. కారణం కాలేజీ టీచర్ చెప్పింది: మంచం చుట్టూ తెర లాగకుండానే బొమ్మకు బట్టలు విప్పానట. మిగతావన్నీ సరిగ్గా చేసినా ఆ ఒక్కటి తప్పితే ఇంటికే. మా హాల్లో తెర ఎక్కడిది? ఇంట్లో ఉండేది మేమిద్దరమే, వీధి తలుపు వేసుకుని సాధన చేసేవాళ్ళం.

ఇంటికొచ్చి అత్తతో నవ్వుతూ చెప్పాను. "బొమ్మకి సిగ్గేటత్తా? ప్లాస్టిక్ బొమ్మ మానం కాపాడలేదని నన్ను తప్పించినారు!"

అత్త నవ్వలేదు. సీరియల్ నడుస్తుండగానే టీవీ కట్టేసింది. అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ మావ పోయినపుడు తోట ఆస్పత్రిలోనే ఉన్నాడు," అంది. "ఎనిమిది మంచాలు, అడ్డం లాగడానికి లాంగ్సీర్ ఒక్కటీ నేదు. నాను అవతల గదిలో పురుడు కాడున్నాను. ఇంకో ఆయా వచ్చి, అందరూ సూస్తండగా బట్టలిప్పి తుడిసేసినాది. నాను వచ్చేసరికి గోడేపు తిరిగి పడుకున్నాడు. నాతో మాటాడనేదు. ఆ తరవాత రెండ్రోజులే బతికినాడు."

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"నాను మాత్రం? ఎంతమందికి అలాగే సేసినాను. రోగమొచ్చినోళ్ళకి సిగ్గుండదనుకున్నాను. ఆ పరీచ్చ పెట్టినామె మంచి పనే సేసినాది. నీకు మార్కులెయ్యకూడదు."

అంత మంచి హాస్యం వృథాగా పోయింది. నాకే సిగ్గేసింది.

మర్నాడు అత్త హాలుకు అడ్డంగా తాడు కట్టి, లుంగీల్లాంటి రెండు పాత సారోంగులు క్లిప్పులతో వేలాడదీసింది. నేను తెర లాగకుండా ఆవిడ చీర కొంగు ముట్టుకున్నానా, "లాంగ్సీర్!" అని చేపల సంతలో అరిచినట్టు అరిచేది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన ఒకరోజు ఆ సారోంగులో మొహం చిక్కుకుని, "ఏటిది, ఇంట్లో నాటకమా?" అన్నాడు. టిక్కెట్టు కొనుక్కుని రమ్మంది వాళ్ళమ్మ.

రెండోసారి పరీక్షలో మంచం మీద బొమ్మ లేదు, ఒక ముసలి చైనా ఆవిడ ఉంది. తెర చుట్టూ లాగి, సందు లేకుండా సరిచేసి, మలాయ్‌లో పేరు అడిగాను. అప్పటిదాకా రెండు చేతులతో దుప్పటి అంచు బిగించి పట్టుకున్న ఆవిడ, మెల్లగా వదిలింది. పరీక్షకురాలు ఏం రాసుకుందో నేను చూడలేదు.

పాసయ్యాను. లైసెన్సు ఉత్తరం వచ్చిన రోజు మా ఆయన దాన్ని తిరగేసి చూసి, "అయితే నువ్వు డ్యూటీకి పోతే వంటెవరు సేస్తారు?" అని అడిగాడు.

"నీకేటి, సేతులు నేవా?" అంది అత్త.

ఆ మధ్యాహ్నం ఆయనే వండాడు. అన్నం అడుగంటింది, పప్పులో ఉప్పు లేదు. అత్తా నేనూ ఇద్దరం అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాం.