మా బావ ఫ్లెక్సీ మీది ఎర్స్ట్‌వైల్

కూరలో ఉప్పు తక్కువై అలిగిన మగపెళ్లివారిని మీరు చూసే ఉంటారు. ఫ్లెక్సీలో ఇంగ్లీషు ఎక్కువై అలిగినవారిని మాత్రం మా నారాయణఖేడ్‌లోనే చూడాలి, అదీ నా పుణ్యాన. ఒకే ఒక్క పదంతో మా అక్క పెళ్లి ఆగిపోయేంత పని చేసిన ఘనుణ్ణి నేను.

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. జిల్లాలు విడగొట్టి మా ఖేడ్‌ను మెదక్ నుంచి తీసి సంగారెడ్డిలో కలిపిన కొత్త. ఇంగ్లీషు పేపర్లో ఉమ్మడి మెదక్ ప్రస్తావన ఎప్పుడొచ్చినా ముందు 'ఎర్స్ట్‌వైల్' అని ఉండేది. మరోచోట ఎర్స్ట్‌వైల్ సంస్థానం, ఇంకోచోట ఎర్స్ట్‌వైల్ మహారాజా. నేను బుర్ర పెట్టి ఆలోచించాను. సంగారెడ్డికి లేని మర్యాద మెదక్‌కు ఎందుకు? పాతది, పెద్దది కాబట్టి. రాజులకూ పెడుతున్నారంటే ఇది శ్రీశ్రీశ్రీ లాంటిదే, ఇంకో మెట్టు పైది. నిఘంటువు చూడొచ్చు కదా అంటారేమో. అర్థం తెలిసిపోయిన పదానికి నిఘంటువు ఎవరు చూస్తారు చెప్పండి.

అంతలో అక్కకు సంబంధం కుదిరింది. బావ పేరు మహేశ్, కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్ద దగ్గర ఊరు, కందీ జొన్నా పండించే కుటుంబం. పెళ్లి ఖేడ్‌లో ఫంక్షన్ హాల్లో. గేటు దగ్గర స్వాగతం ఫ్లెక్సీ పని నాకు అప్పగించారు. అక్క అప్పుడే హెచ్చరించింది.

"తెలుగుల రాయించు తమ్మీ. అందరు చదువుతరు."

"ఇంగ్లీషుల ఉంటెనే వజన్ ఉంటది బిడ్డా," అన్నాడు బాపు. "వీణ్ని చదివిపిచ్చింది ఎందుకు మరి?"

ఆ మాటతో నేను నేల మీద లేను. ఫ్లెక్సీ దుకాణంలో డిజైన్ చేసే అన్న నేను రాసిచ్చింది చూసి తల గోక్కున్నాడు.

"గీ పదం ఏంది తమ్మీ? గింతవరకు ఎవ్వరు రాయించలే."

"అందుకే రాయిస్తున్ననే. నువ్వు ఫోటో మంచిగ పెట్టు, ఇంగ్లీష్ నేను చూసుకుంట."

ఫోటో నిజంగానే బాగా పెట్టాడు. సూటు వేసుకుని నిలువెత్తు బావ, పక్కన గులాబీలు, పైన బంగారు రంగు అక్షరాల్లో 'హార్టీ వెల్కమ్ టు అవర్ ఎర్స్ట్‌వైల్ బ్రైడ్‌గ్రూమ్'. కింద స్వాగతం పలికేవారిలో బాపు పేరు, ఆ పేరు ముందు 'ఎర్స్ట్‌వైల్ ఫార్మర్'. నా పేరుకూ పెట్టుకుందామనుకున్నాను కానీ వినయం అడ్డొచ్చింది.

పెళ్లినాడు పొద్దున బ్యాండుతో మగపెళ్లివారు దిగారు. బావ కూర్చున్న కారు గేటు దాకా వచ్చింది. బావ మేనమామ ఒకాయన ముందు నడుస్తున్నాడు. ఆయన జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ అని నాకెవరూ చెప్పలేదు. ఆయన తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చెయ్యెత్తి బ్యాండు ఆపించాడు.

"గిది ఎవరు రాసిండ్రు?"

"నేనే సార్," అన్నాను, శాలువా కప్పుతాడేమోనన్న ఆశతో.

"ఎర్స్ట్‌వైల్ అంటే ఏందో తెలుసా? మాజీ. ఒకప్పుడు ఉండె, ఇప్పుడు లేదు. మా పిలగాడు పెండ్లి గాకముందే మాజీ పెండ్లికొడుకు ఎట్లయిండు?"

వెనక నుంచి బావ వాళ్లమ్మ "ఏనాయ్తు, ఏనాయ్తు" అని కన్నడంలో అడుగుతోంది. ఎవరో చెప్పారు. ఆమె ముఖం మాడిపోయింది.

"మాజీ అని రాసిండ్రంటే, ఇంతకుముందు ఇంకో పెండ్లికొడుకు ఉండెనా ఏంది?" అంది.

ఇగ చూడండి. ఆ అనుమానం గేటు దగ్గర నుంచి వంటశాల దాకా పోయి మళ్లీ తిరిగి వచ్చింది. లెక్చరర్ సారు కింది వరుస కూడా చదివాడు.

"ఎర్స్ట్‌వైల్ రైతంట. ఏం బావా, భూమి అమ్ముకున్నవా?" అని బాపును అడిగాడు.

బాపు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫ్లెక్సీ పీకేద్దామని ఎగబడ్డాను. బైండింగ్ వైరు నేనే బిగించి కట్టాను, రాలేదు. దాని కిందినుంచి లోపలికి రామని మగపెళ్లివారు రోడ్డు మీదే నిలబడ్డారు. ముహూర్తం దగ్గర పడుతోంది. అక్క పెళ్లి నా చేతులారా చెడిపోతోందని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు అక్క వచ్చింది. నుదుట బాసికంతో, వద్దు వద్దని చీర కుచ్చిళ్లు పట్టుకున్న అత్తలను వెంటేసుకుని గేటు దాకా వచ్చింది. నావైపు చూడనైనా చూడలేదు.

"సార్, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదే గద ఎర్స్ట్‌వైల్?"

"అంతేనమ్మ."

"మూడు ముళ్లు పడ్డంక ఈయన పెండ్లికొడుకుగనే ఉంటడా?"

"ఎందుకుంటడు? మొగుడయితడు."

"ఫ్లెక్సీ పొద్దుమూకే దాంక ఉంటది. మా తమ్ముడు జర ముందుగాల రాసిండు, గంతే. ముహూర్తం తప్పితె గది అబద్ధం. టైముకు అయితె నిజం. అబద్ధం చేస్తరా, నిజం చేస్తరా మీ ఇష్టం."

కారు అద్దం కిందికి దిగింది. అంతసేపూ లోపల చెమటలు కక్కుతున్న బావ తల బయటపెట్టి, "మామా, జర జల్దీ నన్ను మాజీ చేయుండ్రి," అన్నాడు.

సారు పడీ పడీ నవ్వాడు. బావ వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బ్యాండు మళ్లీ మొదలైంది.

"మరి మీ నాయిన మాజీ రైతు సంగతేంది బిడ్డా?" అని సారు వదల్లేదు.

"గది మాత్రం మా తమ్ముని తెలివే సార్," అంది అక్క.

ఆ రోజు నుంచి మా అక్కంటే నాకు మహా గౌరవం. తలవంచుకుని కూర్చోవాల్సిన రోజున తలెత్తి మాట్లాడి, నా పరువును, బాపు పరువును, తన పెళ్లిని ఒకేసారి కాపాడింది. నేను మర్యాదకు పెద్ద పదం వెతికాను, ఆమెకు చిన్న చిన్న మాటలు చాలాయి.

ఆ ఫ్లెక్సీని పారెయ్యలేదు. గట్టి సరుకని బావ తీసుకుపోయాడు. నాగల్‌గిద్ద వైపు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. వాకిట్లో కంది బస్తాల మీద, వాన తడవకుండా, సూటు వేసుకున్న బావ వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఆ పదం మాత్రం ఇప్పుడు అక్షరాలా సరిపోయింది.

కాబట్టి ఉమ్మడి మెదక్ జిల్లా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నిఘంటువు చూడకుండా ఇంగ్లీషు పదం రాయను. సాక్షి కూడా మాజీయే కదా, ఈ ప్రమాణం ఎట్లా చెల్లుతుందని అంటారేమో. ఆ సంగతి అక్కను అడిగి చెబుతాను.