రేకుల వెనక నీళ్లు

విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడు మావారికి అందులో సరుకుల విభాగంలో ఉద్యోగం వచ్చి, గోదావరి ఒడ్డునుంచి శంషాబాద్ చేరుకున్నాం. కిరాయికి దిగిన మేడమీది వాటాలో వెనక కిటికీ తెరిస్తే పెద్ద ఖాళీ స్థలం, చుట్టూ నీలం రేకుల గోడ. అక్కడ పూర్వం బియ్యం మిల్లు ఉండేదట. ఎయిర్‌పోర్టు వస్తోందని దాన్ని పడగొట్టి, మాల్ కడతామంటూ రెండు సెల్లార్లకు సరిపడా గొయ్యి తవ్వారు. ఆపైన భాగస్తులు కోర్టుకెక్కారు, పని ఆగిపోయింది. గేటు దగ్గర బోర్డు మీద సంచులు పట్టుకుని నవ్వే దొరసాని బొమ్మ, "త్వరలో" అన్న మాట మాత్రం మిగిలాయి. ఏటికేడు ఎండకి దొరసాని మొహం వెలిసిపోతూ వచ్చింది గానీ మాల్ రాలేదు.

నాకు ఆ స్థలం అంటే ఒళ్లు మంట. దోమలు అక్కడినుంచే, పాములు అక్కడినుంచే. బట్టలు ఆరేసినప్పుడల్లా ముక్కూ మొహం తెలియని ఆ యజమానుల్ని నాలుగు తిట్టుకుంటే గానీ నాకు పొద్దు గడిచేది కాదు.

ఇంటిగలావిడ ఆ ఊరి మనిషే. కింది వాటాలో కొడుకూ కోడలితో ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "ఆంధ్ర బిడ్డా" అని ఆటపట్టిస్తూనే జొన్నరొట్టె కొట్టడం నేర్పేది, అది నా చేతిలో చిరిగితే పడిపడి నవ్వేది. బతుకమ్మ ఆడేటప్పుడు అత్తమ్మ పాట చెబితే వాడంతా అందుకునేదని కోడలు చెప్పేది. నేనెప్పుడూ వినలేదు. ఊరి కుంటను మట్టిపోసి పూడ్చి ప్లాట్లు చేసిన ఏడునుంచీ ఆవిడ బతుకమ్మను పేర్చడం మానేసింది. మిగతా ఆడవాళ్లు ఫోన్లో పాటలు పెట్టుకుని ఆడి, పూలను ప్లాస్టిక్ టబ్బులో వదిలేవారు.

"సాగనంపెతందుకు నీళ్లే లేకపాయె. తల్లిని టబ్బుల ముంచుడు నాతోని గాదు," అని పెద్దమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకునేది. ఏటా పండగపూట ఆ మూసిన తలుపు చూసి కోడలు కళ్లు తుడుచుకునేది.

రాష్ట్రం విడిపోవడం ఖాయమని అందరూ అనుకుంటున్న ఏడు, పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి పొద్దున కోడలు పూలు కొనడానికి బజారుకి బయల్దేరింది. "కొనడమెందుకు? ఆ రేకుల వెనక అడవి పెరిగింది. తంగేడు మా కిటికీలోకి కనిపిస్తోంది," అన్నాను, కాస్త విసుగ్గానే. కోడలు గంప తీసుకుంది, నేను తోడు వెళ్లాను. పండగతో తనకు పని లేదన్న పెద్దమ్మ, పాములుంటాయంటూ కర్ర పట్టుకుని మా వెనకే వచ్చింది.

అక్కడి వాచ్‌మన్ శ్రీకాకుళం వైపు మనిషి. బతుకమ్మ సంగతి ఆయనకి తెలియదు. "గడ్డి పీక్కుపోతారేటమ్మా? అంతకన్నా పుణ్యం లేదు. బాగు చెయ్యమని మా సారు నన్ను చంపేత్తన్నాడు," అని గేటు తీశాడు.

లోపల నాలుగడుగులు వేసి ఆగిపోయాను. కిటికీలోంచి నేను గడ్డి అనుకున్నదంతా గునుగు, ఛాతీ ఎత్తున పూసింది. తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో, ఈ గోడనుంచి గొయ్యి అంచు దాకా ఒకటే పువ్వు. మధ్యమధ్య తంగేడు పొదలు పచ్చగా విరగబూశాయి. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. చక్రాలు దించుకుని ఒక విమానం మా మీదుగా వెళ్లింది. ఎప్పుడూ తలెత్తి చూసే నాకు ఆ రోజు చూడబుద్ధి కాలేదు.

పూలు కోసుకుంటూ గొయ్యి దాకా వెళ్లాం. మూడు వైపులా నిలువు కాంక్రీటు గోడలు, తుప్పుపట్టిన చువ్వలు. నాలుగో వైపు లారీలు దిగడానికి వేసిన ర్యాంపు వాలుగా నీళ్లలోకి దిగింది. నీళ్లు తేటగా, నిండుగా ఉన్నాయి. ఒక నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని ఈదుతోంది.

"గీ నీళ్లు ఎండకాలం ఇంకిపోతయా తమ్మీ?" అని పెద్దమ్మ వాచ్‌మన్‌ని అడిగింది.

"లేదమ్మా. తవ్వినప్పుడే ఊట పడిపోయిందంట. ఎండల్లోనూ ఉంటాయి."

పెద్దమ్మ రెండు వీధుల అవతల, పూడ్చిన కుంట ఉన్న వైపు చూసింది. మళ్లీ నీళ్లకేసి చూసింది.

"మన కుంటనే బిడ్డా గిది. ఆడ పూడ్చిన్రు. గీడికొచ్చి కూసున్నది."

ఇంజనీర్లు ఏమంటారో నాకు తెలియదు. నేను మాత్రం నమ్మేశాను.

ఆ సాయంత్రం పెద్దమ్మ పేర్చిన బతుకమ్మ నా నడుం ఎత్తు వచ్చింది. వాడంతా వెంట కదిలింది. ఎవరైనా జారితే తన ప్రాణానికొస్తుందని వాచ్‌మన్ ర్యాంపుకి అడ్డంగా మోకాటిలోతు నీళ్ల దగ్గర తాడు కట్టాడు. పైన నేలమీద అందరూ ఆడుతున్నా పెద్దమ్మ పెదవి విప్పలేదు. ర్యాంపు దిగి, పాదాలు తడిశాక ఎవరో ఫోన్లో పాట పెట్టబోతే చేత్తో ఆపింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది.

గోడలు మూడూ ఆ పాటను తిరిగి పలికాయి. మా చప్పట్లు ఆగిపోయాయి. పెద్దమ్మ కూడా ఆగింది. చివరి మాట నీళ్ల మీదుగా మరోసారి వినిపించింది. ఆవిడ నోరు తెరిచి గోడలకేసి చూసింది, పకపకా నవ్వింది. మళ్లీ అందుకుంది, ఈసారి గొంతెత్తి, ప్రతి చరణం చివరా గోడలకు చోటిచ్చి మరీ. మాల్ కోసం పోసిన గోడలు బతుకమ్మ పాడుతుంటే నేను చేతులు జోడించాను. అంతటి పాట నేను ఏ గుళ్లోనూ వినలేదు.

బతుకమ్మను నీళ్లలో వదిలితే అది కదల్లేదు. గోతిలో గాలి లేదు. మా ముందే నిలబడిపోయింది. పెద్దమ్మ వంగి అరచేతులతో నీళ్లను ముందుకు తోసింది. కోడలు తోసింది, నేను తోశాను, వరసగా అందరం వంగి తోశాం. అది మెల్లగా నడిమధ్యకు సాగింది.

అప్పుడు వాచ్‌మన్ ఇబ్బందిగా దగ్గరికొచ్చాడు. "చెప్పకూడదు గానీ తల్లీ, కోర్టు గొడవ తీరిపోయిందంట. ఎండాకాలం పెద్ద మోటార్లు పెట్టి నీళ్లు తోడేసి, అడుగున సిమెంటు పోసేత్తారంట."

కోడలు అత్త మొహంలోకి చూడలేక తల వంచుకుంది. మళ్లీ ఆ తలుపు మూతపడుతుందని నాకూ భయం వేసింది.

పెద్దమ్మ నీళ్ల మీదనుంచి చూపు తిప్పలేదు. "పొయ్యనీ తమ్మీ. ఆడ పూడిస్తె గీడ తేలింది. మల్ల ఏడ తేల్తదో, ఆడికే బతుకమ్మను ఎత్తుకపోతం," అంది.

తడిసిన కుచ్చెళ్లు పిండుకుని ర్యాంపు ఎక్కడం మొదలుపెట్టింది. మేమంతా ఆవిడ వెనకే ఎక్కాం.