నుదుటికి ఒకవైపే

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అంటారు. ఊడిన కుట్టు, వంకర గుండీ, వేలెడు మరక, ఏదీ ఆమె కన్నుగప్పి పెట్టెలోకి పోదు. ఇంట్లోనూ అంతే. పాలు పలచబడితే పాలవాణ్ణి, ఆలస్యంగా వస్తే భర్తను, ఎదురింటివాళ్ళు నవ్వితే ఆ నవ్వును కూడా అనుమానిస్తుంది.

ఒక ఉదయం తల దువ్వుకుంటుంటే ఎడమవైపు భగ్గుమంది. దువ్వెన తగిలితే చాలు, నిప్పురవ్వ పడ్డట్టుంది. అద్దంలో చూస్తే ఏమీ లేదు. షాంపూ కల్తీదని సీసా పారేసింది. మర్నాడు నుదురు కందింది. ఆ మర్నాడు నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి.

"ఇది ఆ క్రీము పనే," అంది భర్తతో. ఆ క్రీము తోడికోడలు ఇచ్చింది. "ఊరికే ఎందుకిస్తుందండీ? నా మొహం పాడుచెయ్యాలనే!"

"నువ్వడిగితేనే కదా ఇచ్చింది."

"ఓహో, మీరూ ఆవిడ పక్షమేనా?"

డబ్బా పట్టుకుని పక్క వీధిలోని తోడికోడలి ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే కడిగిపారేసింది. తోడికోడలు దగ్గరికొచ్చి ఆమె మొహం చూసింది.

"అక్కా, క్రీము ఎటువైపు రాసుకున్నావ్?"

"మొహమంతా."

"మరి కుడివైపు ఒక్క పొక్కూ లేదేంటి? నుదుటి మధ్య గీత గీసినట్టు ఆగిపోయింది. కన్ను కూడా ఎర్రబడింది. పద, డాక్టరు దగ్గరికి. పిల్లాణ్ణి అత్తయ్యకిచ్చి వస్తా."

డాక్టరమ్మ చూడగానే, "సర్పి," అంది. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది. ఎప్పటి సంగతో!"

"ఆ వైరస్సే. ఇన్నాళ్ళూ నరంలో నక్కి ఉండి ఇప్పుడు లేచింది. ఆ నరం దారినే వస్తుంది కాబట్టి ఒకవైపే పొక్కులు."

ఊరందరినీ అనుమానించింది గానీ, తన ఒంటిని ఆమె ఎన్నడూ అనుమానించలేదు.

డాక్టరమ్మ వంగి ముక్కు కొనమీది పొక్కును చూసింది. "కంటికి పోయే నరమే ఇక్కడికీ వస్తుంది. ఇవాళే కంటి డాక్టరుకి చూపించాలి. మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టండి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపైతేనే బాగా పనిచేస్తాయి."

బయటికొచ్చాక ఆమె గొణిగింది: "ఈ డాక్టర్లిద్దరూ కుమ్మక్కై ఉంటారు."

"ఉంటే ఉండనీ. కన్ను నీదక్కా," అంది తోడికోడలు.

కంటి డాక్టరు పసుపుపచ్చని చుక్క వేసి, నీలం వెలుగులో చూశాడు. నల్లగుడ్డు మీద సన్నని పుండు మొదలైంది. ఇంకా తాత్సారం చేసుంటే మచ్చపడి చూపు తగ్గేదన్నాడు.

ఆ రోజు నుంచి తోడికోడలు గడప తొక్కలేదు. "చూశారా, నా మొహం చూస్తే అసహ్యం!" అంది భర్తతో. అంతలో ఫోను మోగింది.

"కంటి చుక్కలు వేసుకున్నావా అక్కా? పెచ్చులు కట్టేదాకా పిల్లాడికి నీ గాలి తగలనివ్వద్దన్నారు డాక్టరమ్మ. వాడికింకా ఆటలమ్మ టీకా పడలేదు. వాణ్ణెత్తుకునేది నేనే కదా, అందుకే నేనూ రావట్లేదు. నువ్వు గాభరాలో వినలేదేమో."

ఆమె "వేసుకున్నాలే," అంది.

పెచ్చులు రాలాయి. చూపు దక్కింది. మంట మాత్రం నెలల తరబడి వదల్లేదు. ఫ్యాను గాలికి నుదుట సూదులు దిగేవి. దానికి వేరే మాత్రలిచ్చారు.

పనికి వెళ్ళేముందు ఒకరోజు తోడికోడలి ఇంటికి వెళ్ళింది.

"ఆ రోజన్న మాటలు మర్చిపోయావా?"

"లేదు," అంది తోడికోడలు నవ్వుతూ, పిల్లాణ్ణి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి. "అన్నీ గుర్తున్నాయి."

పిల్లాడు చెయ్యి చాచి ఆమె నుదుటి మచ్చను తడిమాడు. భగ్గుమంది. ఆమె మొహం తిప్పుకోలేదు.