కదలని కొబ్బరికాయ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్ కోసం ప్రోగ్రాం రాశాను. సీటీ స్కాన్‌లో ముక్కలు ముక్కలుగా వచ్చే బొమ్మల్ని వరసగా పేర్చి, కంప్యూటర్ తెర మీద తలకాయంతటినీ తిప్పి చూపించాలి. ఆ పేర్పునే వాల్యూం టెక్స్చర్ అంటారు. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ చాలక దాన్ని కుదించి ఎక్కించాను. నా తెలివికి నేనే మురిసిపోతూ డాక్టరుగారికి చూపించాను.

తెర మీద గడ్డం సాగి సాగి కళ్ళదాకా వచ్చింది.

"పేషెంటు జారాడు," అన్నారు డాక్టరుగారు. స్కాన్ తీసే ఆవిడ వైపు తిరిగి, "మనిషిని కదలకుండా పడుకోబెట్టడం కూడా రాదా అమ్మా? ఇంకోసారి ఇలా వస్తే వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నారు.

ఆవిడది మొగల్తూరు. ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. "కదల్లేదండి. అద్దంలోంచి చూస్తూనే ఉన్నానండి" అంది. తప్పు నాది కూడా కావచ్చన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. నింద నా మీద పడనందుకు హాయిగా కూడా అనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

డాక్టరుగారు రౌండ్స్‌కి వెళ్ళారు. విడివిడిగా చూస్తే ఫిల్ములన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మనిషి కదిలాడో లేదో వాటిని చూసి చెప్పలేం. ఆ రోజు శుక్రవారం. ప్రతి శుక్రవారం మిషనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టడం అక్కడి అలవాటు. ఆవేళ కొట్టాల్సిన కాయ ఇంకా పళ్ళెంలోనే ఉంది. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి, పేషెంటు తల పెట్టే చోట పెట్టింది.

"ఇది కదులుతుందాండి?"

స్కాన్ తీసి నా ప్రోగ్రాంలో వేశాం. చిప్ప, కొబ్బరి, లోపల నీళ్ళు, ఎంత ముచ్చటగా ఉందో. తెర మీద దగ్గరికి తెస్తే నిండు కాయ. దూరం జరిపితే పిలక ఉన్న సగమే కాయంత పొడవుకీ సాగింది, అవతలి కొస మాయం. తప్పు నాదని తేలుతుందేమోనన్న భయం సంగతి మరిచిపోయాను. సరిగ్గా సగమే ఎందుకు?

బొమ్మ దూరమైనప్పుడు వాడుకోవడానికి కార్డుకు చిన్న నకలు ఒకటి ఇవ్వాలి. అందులో ప్రతి ముక్క పొడవూ వెడల్పూ సగం చేశాను. ముక్కల సంఖ్యను సగం చేయలేదు. అన్నాళ్ళూ విడి బొమ్మలతో పనిచేసిన అలవాటు. కార్డు మాత్రం నకల్లో ముక్కలూ సగమే ఉంటాయన్న లెక్కతో మొదటి సగం ముక్కలే తీసుకుని, కాయంటే అదే అనుకుంది. అది సరిచేశాక ఎంత దూరం జరిపినా కాయ కాయలాగే ఉంది. గడ్డం కూడా దాని చోటికి అది వచ్చింది.

డాక్టరుగారు రాగానే, "తప్పు నాదేనండి. పేషెంటు కదల్లేదు, ఆవిడ తప్పేం లేదు" అన్నాను. ఆయన తెర మీది కాయను తిప్పి తిప్పి చూసి నవ్వారు. ఆవిడతో మాత్రం, "తర్వాతి పేషెంటుని పిలువమ్మా" అన్నారు, అంతే.

ఆవిడ ముందుగా కొబ్బరికాయ కొట్టింది. నాకో ముక్క ఇస్తూ, "ఈసారి మీ ప్రోగ్రాంని ముందు పడుకోబెట్టి చూసుకోండి. నా పేషెంట్ల జోలికి తర్వాత వద్దురుగాని" అంది.

ముక్క తియ్యగానే ఉంది. మింగడానికే చాలాసేపు పట్టింది.