ముందు సీటు

మా ముత్తాత దివిసీమలో మునసబు. మా తాతగారు బందరు కచేరీకి వెళ్తే లేచి కుర్చీ వేసేవారు. ఆయన కారు కొన్ననాటి నుంచీ మా ఇంటి ఆడవాళ్లు బండి నడిపే మనిషి పక్కన కూర్చోరు. ఇప్పుడు డ్రైవరు లేడు, నేనే నడుపుతాను. అయినా మర్యాద మర్యాదే.

అందుకే పోయిన వేసవి సెలవుల్లో గుడివాడ నుంచి హైదరాబాదు దగ్గరి పెద్ద థీమ్ పార్కుకు వెళ్లినప్పుడు నా భార్య, మా అమ్మాయి వెనకే కూర్చున్నారు. దారి పొడవునా పాటలు, జంతికలు, నవ్వులు వెనక సీట్లోనే.

పార్కు గేటు దగ్గర కాపలా మనిషి నా కిటికీలోకి వంగాడు.

"మేడమ్ వాళ్లను ఇక్కడ దింపెయ్ అన్నా. డ్రైవర్ల షెడ్డు అటు సైడు. భోజనం కూడా ఉంటది."

మా అమ్మాయి వెనక నుంచి, "డ్రైవరు గారూ, సాయంత్రం వచ్చెయ్యండేం!" అంది.

నా భార్య దిగి, ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. "ఈయన మావారండీ," అని అతనికి చెప్పి, నావైపు తిరిగింది. "ఇక పోనివ్వండి. మీ తాతగారేం చూడట్లేదులెండి."

తిరుగు ప్రయాణంలోనూ ఆమె ముందే కూర్చుంది. అసలు పుట్టింటివారు ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన కోడూరు పొలం అమ్మే ఆ కారు కొన్నాం.