మేస్త్రి వదిలేసిన చెప్పులు

స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం బెజవాడ దగ్గరి కొండగనిలో మా ఆయనా నేనూ కూలిపని చేసేవాళ్ళం. గని ద్వారం పైనున్న మట్టివాలుకు రాతికట్టు కట్టించిన మేస్త్రి అంతకుముందు కాలవ గట్లు వేసినవాడు. చుక్క నీరు కారనివ్వని ఆ అలవాటుతో, కట్టులోంచి నీళ్ళు బయటికి పోవాల్సిన కన్నాలన్నీ బంకమట్టితో మూయించాడు. వానకు లోపల నీరు నిండి కట్టు కూలింది. మా ఆయన కాలు పోయింది.

తప్పు కూలీలదని తేల్చి, మేస్త్రి మళ్ళీ అలాగే కట్టించాడు. ముసురులో ఇంజనీరుగారు కట్టు చూడ్డానికి వచ్చారు.

"గట్టిదేనంటున్నారు కదండీ, మేస్త్రిగార్నే దాని కింద నిలబడమనండి" అన్నాను.

నిలబడ్డాడు. పైనుంచి ఒక్క బెడ్డ దొర్లింది. చెప్పులు బురదలో వదిలేసి పరుగెత్తాడు. ఆ పూటే పనిలోంచి తీసేశారు.

ఆ చెప్పులు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. "నాకొకటి చాల్లే" అన్నాడు. రెండోది చూరులో దోపాను. ఇన్నేళ్ళయినా అది చూశాకే నాకు అన్నం సహిస్తుంది.