ఖాళీ గుప్పిట

సాయంత్రం గ్రంథాలయం నుంచి వస్తూ హఫీజ్‌పేట్‌లో రైలు దిగి, ప్లాట్‌ఫాం చివర అడ్డదారిన మా గల్లీకి మళ్ళేటప్పుడు, గోడవారన ఉన్న వావిలి కొమ్మ మోచేతికి రాసుకుని ఘాటైన పచ్చి వాసన వదులుతుంది. దాన్ని సంస్కృతంలో సింధువారం అంటారని ఈమధ్యే ఒక మొక్కల పుస్తకంలో చదివి, ఇంట్లో అందరికీ చెప్పి మురిసిపోయాను. కానీ ఆ వాసన నాకు పుస్తకాల కన్నా ముందే తెలుసు. కరోనా వచ్చిన మొదటి ఏడాది తెలిసింది. అందుకే ఇప్పటికీ అది ముక్కుకు తగలగానే నా నడక నెమ్మదిస్తుంది.

అప్పుడు నేను ఆరో తరగతి పరీక్షలు రాయకుండానే ఏడుకు వచ్చినదాన్ని. పాలమూరు నుంచి బతకడానికి వచ్చిన మా నలుగురికీ ఒకే కిరాయి గది. అమ్మ కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమేది. కబురు చేసేదాకా రావద్దని చెప్పి వాళ్ళు గేట్లు మూసుకున్నారు. నాయిన హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడకు సెక్యూరిటీ గార్డు. లోపల పనిచేసేవాళ్ళంతా ఇళ్ళకు పోయినా మేడకు కాపలా తప్పదు కనుక, బస్సుల్లేని ఆ రోజుల్లో రోజూ నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. నానమ్మకు ఆయాసం. నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. నాయిన బయటి నుంచి రోగం తెస్తే ఆ ఒక్క గదిలో ఆమెను ఎక్కడ దాచాలన్నదే మా అందరి భయం.

మామిడికాయ దొరకని ఉగాది పచ్చడి, నేల మీద సుద్దతో గీసి చింతగింజలతో ఆడిన అష్టాచెమ్మా, మోటార్ల మోత ఆగిపోయాక ఇంత దగ్గర్లో ఉన్నాయా అనిపించేలా అరిచిన నెమళ్ళు. ఆ ఎండాకాలం నాకు ఇలా ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పొద్దున్నే పోలీసులు రోడ్ల మీదికి రాకముందే అమ్మ, నేను గల్లీ వెనక గుండ్ల మధ్యకు నడిచి వెళ్ళేవాళ్ళం. పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు, వావిలి పొదలు, అవతల చిన్న కుంట, దూరంగా ఎవరూ లేని అద్దాల మేడల మీద ఎర్రగా మెరిసే తొలి ఎండ. అమ్మ కొంగు నిండా గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఏరుకునేది. నేను ఏ ఆకు కనబడితే ఆ ఆకు నలిపి వాసన చూసేదాన్ని.

పై అంతస్తులో ఇంటి ఓనర్ ఆంటీ ఉండేది, కాకినాడ ఆమె. పేపర్ మీద కరోనా పురుగు ఉంటుందని దాన్ని పిట్టగోడ మీద రాయి పెట్టి మధ్యాహ్నం దాకా ఎండబెట్టి, అప్పుడు చదివి, మర్నాడు నాకు ఇచ్చేది. బడి లేని నాకు అదే బడి. ఊళ్ళకు నడిచిపోతున్న కూలీల గురించి, మంచాలు చాలని దవాఖానల గురించి అక్షరం వదలకుండా నానమ్మకు చదివి వినిపించేదాన్ని.

"మంచి ముచ్చట ఒక్కటన్న లేదానే అండ్ల?" అనేది నానమ్మ.

"వానలు మంచిగ పడ్తయంట."

"గది సదువు ముందుగాల!"

ఆ పేపర్లోనే, ఈ రోగం వచ్చినవాళ్ళలో కొందరికి వాసన తెలియకుండా పోతుందని చదివాను. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక చట్టం పెట్టాను. నాయిన వచ్చి, వాకిట్లో సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కుని మాస్కు తీశాక, గడప బయటే కళ్ళు మూసుకుని నా గుప్పిట వాసన చూడాలి. అందులో ఏముందో చెప్పాలి. చెబితేనే లోపలికి.

"ఏం డాక్టరమ్మా, ఇయ్యాల ఏం మందు తెచ్చినవ్?" అని వంగేవాడు.

"నా కొడుకును కుక్కను చేసింది గదనే నీ బిడ్డ!" అని నానమ్మ అమ్మతో అని నవ్వేది, నవ్వు ఆయాసంలోకి దిగేది. నాయిన మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. సీతాఫలం ఆకు, అడవితులసి, కల్యామాకు, అన్నీ ఠక్కున చెప్పేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు తెల్లారి నుంచీ ముసురు పట్టింది. గుండ్ల వైపు పోవడానికి వీల్లేకపోయింది. సరే, ఖాళీ గుప్పిట పెడదాం, "ఏం లేదు గదా" అని నాయిన అంటే అందరం నవ్వుకుందాం అని నానమ్మా నేనూ అనుకున్నాం.

నాయిన తడుస్తూ వచ్చాడు. వంగే ముందు ఎందుకో నా గౌను అంచు వైపు, కాళ్ళ వైపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు.

"వావిలాకు."

"ఓడిండు! ఓడిండు!" అని లోపల నానమ్మ చప్పట్లు కొట్టింది. నేను గుప్పిట తెరిచాను. నాయిన కళ్ళు తెరిచి నా అరచేతిని చూశాడు. నానమ్మ చప్పట్లు ఆగిపోయాయి.

ఆయన గడప నుంచి వెనక్కి, వానలోకి జరిగాడు.

"నిన్న నీ గౌనుకంటిన వావిలాకు సూసి చెప్పిన బిడ్డా, ఇయ్యాల గూడ అదేనేమో అనుకున్న. నిన్నటి సంది ఏం వాసన తెలుస్తలేదు. సర్దేమో అనుకున్న."

ముందు రాత్రి ఉక్కపోస్తోందని చెప్పి ఆయన వాకిట్లో ఎందుకు పడుకున్నాడో అప్పుడు అర్థమైంది. అమ్మ ఏడుపు గొంతుతో, "ముందే చెప్పొద్దా?" అంది.

"చెప్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటరు. ముసల్దాన్ని తీస్కొని యాడికి పోదుము?"

పై నుంచి ఆంటీ గొంతు వినిపించింది. పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని పిట్టగోడ మీంచి చూస్తోంది. అంతా విన్నది, ఇక ఖాళీ చెయ్యమంటుందనుకున్నాం.

"ఏవండీ, ఆ వానలో నిలబడటమేంటండీ? మేడ మీద గది ఖాళీగానే ఉందిగా. వెనక మెట్ల మీంచి వెళ్ళండి. నా బట్టల తీగ మాత్రం ముట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది!"

నాయిన ఆ గదికి ఎక్కాడు. జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది. అమ్మ టిఫిన్ డబ్బా మెట్ల మీద పెట్టి దిగాక ఆయన వచ్చి తీసుకునేవాడు. డబ్బా మూత మీద నేను రోజుకో ఆకు పెట్టేదాన్ని. ఆయన పిట్టగోడ దగ్గరికి వచ్చి తల అడ్డంగా ఊపేవాడు. "ఇయ్యాల గూడ ఏం లేదు బిడ్డా. కూర వాసన గూడ లేదు. మీ అమ్మకు మాత్రం మంచిగున్నదని చెప్పు." నానమ్మ మెట్ల కింద పీట వేసుకుని కూర్చుని కొడుకు దగ్గు వినేది. నేను పేపర్ చదువుతూ చదువుతూ ఆగి ఆమె ఊపిరి ఎలా ఉందో చూసేదాన్ని. మాకు తెలియకుండా ఆమెకు అంటిందేమో, ఈ ఆయాసం పాతదో కొత్తదో ఎలా తెలుస్తుందో ఏ పేపర్లోనూ రాయలేదు.

"నా రొమ్ము సూసుడు ఆపి పేపర్ సదువు," అని కసిరేది.

ఆమెకు రోగం అంటుకోలేదు. నాయిన జ్వరం తగ్గి, చిక్కిపోయి, ఆంటీ బట్టల తీగ కింది నుంచి వంగి మెట్లు దిగాడు. వాసన మాత్రం ఆయనతో దిగి రాలేదు. అది కొందరికి త్వరగా, కొందరికి ఆలస్యంగా వస్తుందని, కొందరికి రాకపోవచ్చని తర్వాత గ్రంథాలయంలో చదివాను. ఏ పుస్తకం తీసినా ఆ మాట దగ్గరే ఆగాను.

నానమ్మ నిరుడు పోయింది. ఆంటీ ఇల్లు అమ్ముకుని కాకినాడ వెళ్ళిపోయింది. గుండ్లను పేల్చి చదును చేసిన చోట ఇప్పుడు ఆకాశం కనబడనన్ని అంతస్తులు లేచాయి, కుంట చుట్టూ రేకుల కంచె ఉంది. వావిలి పొదల్లో మిగిలింది స్టేషన్ గోడవారన ఉన్న ఆ ఒక్కటే.

నిన్న దాని రెమ్మ ఒకటి తుంచుకుని వచ్చాను. నాయిన డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గడపలో నిలబడి గుప్పిట చాచాను. ఆయన నవ్వి, నా బట్టల వైపు చూడకుండానే కళ్ళు మూసుకుని వంగాడు. ఆ రోజు పీల్చినంతసేపు పీల్చాడు.

"ఏం లేదు బిడ్డా," అన్నాడు.

గుప్పిట తెరవాలో వద్దో తెలియక నేను అలాగే నిలబడిపోయాను.